జెట్ బోటులో ఇంజన్ శక్తి తగ్గుదల: కారణాలు, గుర్తింపు

జెట్ బోటు అడుగున ప్రొపెల్లర్ ఉండని మోటారు పడవ. అడుగున ఉన్న నోటిగుండా నీటిని లోపలికి లాక్కుని, పంపులో దాని ఒత్తిడి పెంచి, వెనక ఉన్న నాజిల్‌లోంచి వేగంగా చిమ్ముతుంది. ఆ చిమ్ముడుకు ఎదురుగా పుట్టే తోపుతో పడవ ముందుకు సాగుతుంది. ఈ పడవలు నడిపేవారు మెకానిక్ దగ్గరికి తెచ్చే ఫిర్యాదుల్లో తరచు వినిపించేది "ఇంజన్ లాగడం లేదు" అన్నది. ఫిర్యాదు ఒకటే అయినా దాని వెనక మూడు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. ఇంజన్ నిజంగానే శక్తి కోల్పోయి ఉండవచ్చు. ఇంజన్ బాగానే ఉన్నా దాని శక్తిని పంపు తోపుగా మార్చలేకపోవచ్చు. రెండూ బాగానే ఉండి పడవే బరువెక్కి ఉండవచ్చు. మూడింట్లోనూ నడిపేవాడి అనుభవం ఒకటే: లివర్ పూర్తిగా తోసినా పడవ ఎప్పటి వేగం అందుకోదు. ఈ తేడా తేల్చుకోకుండా కార్బ్యురేటర్ విప్పడం, ప్లగ్గులు మార్చడం, చివరికి ఇంజన్ దించడం ఈ రంగంలో డబ్బు వృథా అయ్యే ప్రధాన మార్గం. తేల్చే సాధనం డాష్‌బోర్డు మీదే ఉంటుంది. అది ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటరు.

పుట్టుక

జెట్ బోటుకు పుట్టినిల్లు న్యూజిలాండ్ దక్షిణ దీవి. మెకెంజీ ప్రాంతంలో ఐరిష్‌మన్ క్రీక్ అనే గొర్రెల క్షేత్రం నడిపిన విలియం హామిల్టన్ (1899–1978) దీన్ని పనికొచ్చే యంత్రంగా తీర్చిదిద్దాడు. అక్కడి నదులు గులకరాళ్ల మీద పాయలుపాయలుగా చీలి, చాలాచోట్ల మోకాలి లోతు కూడా లేకుండా పారతాయి. ప్రొపెల్లర్ పడవ వాటిలో నిలవదు. అమెరికాలో అప్పటికే ఉన్న హాన్లీ హైడ్రోజెట్ అనే యంత్రం నీటిధారను పడవ అడుగు నుంచి నీటిలోకే వదిలేది. హామిల్టన్ బృందం 1954 నాటి ప్రయత్నాల్లో ఆ ధారను నీటిమట్టానికి కాస్త పైన, గాలిలోకి వదిలి చూసింది. వేగం బాగా పెరిగింది. అడుగున పొడుచుకువచ్చే భాగమేదీ లేకుండా పోయింది. 1960లో జెట్ బోట్లు కొలరాడో నదిలో గ్రాండ్ కాన్యన్ గుండా ప్రవాహానికి ఎదురెక్కాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం గంగాసాగర్ నుంచి జెట్ బోట్లలో గంగకు ఎదురుగా బయలుదేరి హిమాలయాల్లో నందప్రయాగ దాకా వెళ్లింది. భారత నౌకాదళంలోని కార్ నికోబార్ తరగతి గస్తీ నౌకలు నడిచేది కూడా హామిల్టన్ జెట్లతోనే. విశాఖ దగ్గర రుషికొండ తీరంలో తిరిగే జెట్ స్కీలు ఇదే సూత్రానికి చిన్న రూపాలు.

అమెరికాలో 1960ల నుంచి బెర్క్‌లీ, జకూజీ వంటి పంపులకు కార్లలో వాడే పెద్ద వీ-8 పెట్రోలు ఇంజన్లు బిగించి సరస్సుల్లో నడిపే సంప్రదాయం పెరిగింది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా అలాంటి వీ-8 పడవకు చెందినవి. డీజిల్ పడవలకు, జెట్ స్కీలకు ఉన్న తేడాలు తరవాత వస్తాయి.

పంపు తీసుకునే శక్తి

ప్రొపెల్లర్ పడవలో అడుగుకు నాచు పట్టినా, పదిమంది ఎక్కువ ఎక్కినా ఇంజన్ మీద భారం పెరిగి ఆర్‌పీఎం పడిపోతుంది. అక్కడ ఆర్‌పీఎం ఒక్కదాన్నే చూసి ఇంజన్ గురించి ఏమీ చెప్పలేం. జెట్ బోటులో పరిస్థితి వేరు. పంపులో నీటిని నెట్టే రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. అది ఒక గొట్టంలో తిరుగుతుంది. తన గుండా పోయే నీటిని తిప్పడానికి ఎంత శక్తి కావాలన్నది దాదాపు పూర్తిగా అది తిరిగే వేగమే నిర్ణయిస్తుంది. పడవ నిలిచి ఉన్నా, పరుగెత్తుతున్నా, ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా ఆ లెక్క పెద్దగా మారదు. కాబట్టి ఫుల్ త్రాటిల్ దగ్గర మీటరు చూపే అంకె ఇంజన్ ఆ క్షణాన ఎన్ని హార్స్‌పవర్లు ఇస్తోందో చెప్పే కొలత. కార్ల వర్క్‌షాపులో దీనికోసం డైనమోమీటర్ అనే ఖరీదైన యంత్రం కావాలి. జెట్ బోటు దాన్ని తనతోనే మోసుకు తిరుగుతుంది. అయినా చాలామంది యజమానులు ఈ సౌకర్యాన్ని వాడుకోరు.

పంపు తీసుకునే శక్తి ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర 250 హార్స్‌పవర్ తీసుకునే పంపు ఉందనుకుందాం. 3000 దగ్గర అది తీసుకునేది సుమారు 105. 2000 దగ్గర 31 మాత్రమే. ఈ లెక్కలోంచి రెండు సంగతులు బయటపడతాయి. మొదటిది, నింపాదిగా నడిపేటప్పుడు ఇంజన్ మీద పడే భారం చాలా తక్కువ. సగం శక్తి పోయిన ఇంజన్ కూడా దాదాపు 3000 దాకా తడబాటు లేకుండా తిరగవచ్చు. "మామూలుగా బాగానే ఉంది, చివర్లో మాత్రం అందుకోవడం లేదు" అన్న మాట వెనక పెద్ద లోపమే ఉండవచ్చు. రెండోది, మీటరులో చిన్న తగ్గుదల నిజానికి పెద్ద నష్టం. 4000 తిరగాల్సిన ఇంజన్ 3800 దగ్గర ఆగిపోతే పంపుకు అందేది 214 హార్స్‌పవర్. రెండువందల ఆర్‌పీఎమ్‌తో పాటు 36 హార్స్‌పవర్ పోయింది. వీ-8లో ఒక సిలిండర్ పూర్తిగా పనిమానేసినా తగ్గుదల ఇంచుమించు అంతే. మూడు నాలుగు వేల మధ్య తిరిగే ముల్లులో రెండువందల తేడాను కన్ను సులభంగా దాటేస్తుంది. అందుకే అంకెను రాసుకోవాలి.

తయారీదారులు ప్రతి ఇంపెల్లర్‌కూ ఎంత ఆర్‌పీఎం దగ్గర ఎన్ని హార్స్‌పవర్లు తీసుకుంటుందో చూపే గీతపటం ఇస్తారు. బెర్క్‌లీ పంపుల్లో ఇంపెల్లర్ కోతను ఏఏ, ఏ, బీ, సీ అక్షరాలతో గుర్తిస్తారు. ఏఏ అన్నిటికన్నా ఎక్కువ శక్తి కోరేది, సీ తక్కువ కోరేది. పాత ఇంజన్ తీసి వేరే ఇంజన్ పెట్టినవారు, పాత పంపును కొత్త పడవకు అమర్చినవారు ముందు ఈ పటం చూడాలి. ఇంజన్‌కు మించిన ఇంపెల్లర్ ఉంటే ఇంజన్ తన గరిష్ఠ శక్తి ఇచ్చే వేగానికి ఎప్పటికీ చేరదు. అలాంటి పడవలో పాడైన భాగం ఉండదు, జోడింపు తప్పి ఉంటుంది.

మూడు దారులు

పరీక్షకు లోతైన, శుభ్రమైన, నిలకడ నీరు కావాలి. ఇంజన్ వేడెక్కాక కొద్ది క్షణాలు ఫుల్ త్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం, వేగం రెండూ రాసుకోవాలి. వేగాన్ని జీపీఎస్‌తో కొలవాలి. నదిలోనైతే ఎగువకు ఒకసారి, దిగువకు ఒకసారి వెళ్లి సగటు తీయాలి. లేకపోతే ప్రవాహం మనల్ని మోసగిస్తుంది. పడవను తాడుతో కట్టేసి ఫుల్ త్రాటిల్ ఇవ్వకూడదు. నిలిచి ఉన్న పడవలో పంపు నోటికి నీరు చాలినంత ఒత్తిడితో అందక రెక్కలు దెబ్బతింటాయి. పాత మీటర్లు అబద్ధం చెబుతాయి కాబట్టి చేతిలో పట్టుకునే డిజిటల్ టాకోమీటర్‌తో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. కొన్ని మీటర్ల వెనక నాలుగు, ఆరు, ఎనిమిది సిలిండర్లకు మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. అది పక్కకు జరిగితే అంకెలన్నీ తప్పే.

ఆర్‌పీఎం తగ్గి వేగమూ తగ్గితే లోపం ఇంజన్‌లో ఉంది. ఆర్‌పీఎం ఎప్పటికన్నా పెరిగి వేగం తగ్గితే లోపం పంపులో ఉంది. ఆర్‌పీఎం ఎప్పటిలాగే ఉండి వేగం మాత్రమే తగ్గితే పడవను చూడాలి. అడుగు గదిలో చేరిన నీరు, నీరు పీల్చిన థర్మోకోల్ లాంటి ఫోమ్, అడుగున పెరిగిన నాచు, వెనక ఎక్కువ పెట్టిన సామాను వంటివి దీనికి కారణాలు. ఈ మూడో దారిలో ఇంజన్ మీద చెయ్యి వేయాల్సిన పనే లేదు.

మొదటి నియమానికి ఒక మినహాయింపు ఉంది. పంపు బేరింగు పట్టేయడం, ఇంపెల్లర్ తన చుట్టూ ఉన్న వేర్ రింగును రాసుకోవడం, రెక్కకూ రింగుకూ మధ్య తాడు ముక్క ఇరుక్కోవడం కూడా ఆర్‌పీఎంను తగ్గిస్తాయి. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి షాఫ్టును చేత్తో తిప్పి చూస్తే ఇది తెలిసిపోతుంది. ఒకచోట బిగిసి మరోచోట వదులైతే, గరగర వినిపిస్తే ముందు పంపు సంగతి చూడాలి.

పంపు వైపు లోపాలు

నీటిలో ఉన్నదంతా పంపులోకి వస్తుంది. నోటికి అడ్డంగా ఉండే జాలీ పెద్ద రాళ్లను ఆపుతుంది గానీ ఇసుకనూ చిన్న గులకరాళ్లనూ ఆపలేదు. నాచు, గడ్డి, ప్లాస్టిక్ సంచులు జాలీకే అతుక్కుని నీటిదారి మూసేస్తాయి. పొడవాటి గడ్డి జాలీ దాటి షాఫ్టుకు చుట్టుకుంటుంది. ఇంపెల్లర్‌కు నీరు సమంగా అందకపోతే రెక్కల ముందు ఒత్తిడి పడిపోయి, చల్లటి నీరే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు రెక్క మీద పగిలినప్పుడు లోహాన్ని చిన్నచిన్న గుంటలుగా తినేస్తాయి. దీన్ని క్యావిటేషన్ అంటారు. బుడగలను తిప్పడానికి శక్తి అక్కర్లేదు కాబట్టి ఇంజన్ ఒక్కసారిగా అరిచినట్టు ఆర్‌పీఎం ఎగుస్తుంది, పడవ మాత్రం మందగిస్తుంది. గుర్రపుడెక్క పెరిగిన చెరువులు, కాలువలు జెట్ బోట్లకు పనికిరాకపోవడానికి ఇదే కారణం.

నీటి మీద ఉండగానే చేయగల మొదటి పని ఇంజన్ ఆపేయడం. లాగుడు ఆగిపోగానే జాలీకి అతుక్కున్న చెత్తలో చాలా భాగం తానే జారిపోతుంది. అప్పటికీ తేడా రాకపోతే పంపు పైనున్న తనిఖీ మూత తెరిచి చెయ్యి పెట్టి తీయాలి. హామిల్టన్ జెట్లలో ఈ మూత పడవ నిలిచి ఉన్నప్పటి నీటిమట్టానికి పైన ఉంటుంది కాబట్టి ఒడ్డుకు చేరకుండానే తెరవవచ్చు. తాళం చెవి తీసి, బ్యాటరీ స్విచ్ ఆపి, ఆ చెవిని తన జేబులోనే పెట్టుకున్నాకే ఎవరైనా లోపల చెయ్యి పెట్టాలి. ఇంజన్ తిరుగుతుండగా నోటి దగ్గరికి జుట్టు, తాడు, వదులు బట్ట, మనిషి ఏదీ రాకూడదు. ఈ రెండు నియమాల్లో సర్దుబాటుకు చోటు లేదు.

అరుగుదల నెమ్మదిగా వస్తుంది, అందుకే ఎక్కువమందిని ఏమారుస్తుంది. ఇంపెల్లర్ అంచుకూ వేర్ రింగుకూ మధ్య ఖాళీ కొత్తలో మిల్లీమీటరులో చిన్న భాగమే. ఇసుకనీటిలో తిరిగేకొద్దీ అది పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన నీరు ఆ సందులోంచి మళ్లీ వెనక్కి జారిపోతుంది. సీజనుకు కొంత చొప్పున వేగం తగ్గుతూ, ఆర్‌పీఎం కొంత పెరుగుతూ వస్తుంది. యజమాని దానికి అలవాటుపడి "ఇంజన్ ముసలిదైపోయింది" అనుకుంటాడు. ఫీలర్ గేజితో చుట్టూ నాలుగుచోట్ల ఖాళీ కొలిచి తయారీదారు చెప్పిన హద్దుతో పోల్చాలి. ఒకవైపు ఎక్కువ, ఎదురువైపు తక్కువ వస్తే బేరింగు అరిగి షాఫ్టు పక్కకు వాలిందని అర్థం. న్యూజిలాండ్ పాయల నదుల్లో తిరిగేవారు వేర్ రింగును టైరులాగే అరిగిపోయే వస్తువుగా లెక్కవేసుకుంటారు. వరద రోజుల్లో ఎర్రనీరు పారే గోదావరిలాంటి నదిలో జెట్ బోటు నడపాలన్నా అదే లెక్క వర్తిస్తుంది.

రెక్క ముందు అంచు గులకరాళ్ల దెబ్బకు మొద్దుబారినా క్యావిటేషన్ త్వరగా మొదలవుతుంది. చిన్న సొట్టలను ఆకురాయితో సాపుచేసి అంచు పదును నిలుపుకోవచ్చు. లోతైన గంట్లయితే ఇంపెల్లర్ తీసి, వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్ చూడాలి. ఇంపెల్లర్ వెనక నీటి మెలికను సరిచేసే స్టేటర్ రెక్కల మధ్య, నాజిల్ గొంతులో ఇరుక్కున్న రాయి ముందువైపు నుంచి కనిపించదు. వెనకనుంచి టార్చి వేసి చూడాలి.

గాలి చొరబడటం మరో కారణం. పంపు నోటికీ పడవ అడుగుకూ మధ్య సీలు వదిలినా, షాఫ్టు సీలు అరిగినా నీటితోపాటు గాలి లోపలికి వస్తుంది. నోటికి ముందు అడుగున ఏదైనా పట్టీ గానీ, లోతు కొలిచే పరికరం గానీ బిగిస్తే దాని వెంట బుడగల చార నేరుగా పంపులోకి పోతుంది. ఏదైనా కొత్తగా బిగించిన మర్నాటి నుంచే పడవ పట్టు తప్పుతుంటే ముందు దాన్నే అనుమానించాలి. నురగనీటిలో మాత్రమే ఆర్‌పీఎం ఎగిసి, ప్రశాంత నీటిలో సరిగా ఉంటే అది లోపం కాదు. నురగలో సగం గాలే.

ఇంజన్‌కూ పంపుకూ మధ్య ఉన్న కప్లింగు రబ్బరు జారినా, పళ్లు అరిగినా ఆర్‌పీఎం ఆకాశానికి వెళ్తుంది, తోపు దాదాపు ఉండదు. ఇది అరుదు. వస్తే మాత్రం అకస్మాత్తుగా వస్తుంది.

ఇంజన్ వైపు: లివర్ నుంచి ఇంధనం దాకా

ఆర్‌పీఎం తగ్గిందని తేలాక మొదట చూడాల్సింది అన్నిటికన్నా చౌకైనది. ఇంజన్ ఆపి, ఒకరు లివర్ పూర్తిగా ముందుకు తోసి పట్టుకోవాలి. ఇంకొకరు ఎయిర్ ఫిల్టర్ స్థానంలో ఉండే ఫ్లేమ్ అరెస్టర్ తీసి లోపలికి చూడాలి. త్రాటిల్ పలక నిలువుగా నిలబడిందా? నాలుగు గొంతుల కార్బ్యురేటరైతే వెనక రెండు కూడా తెరుచుకున్నాయా? కేబులు సాగి, బిగింపు జారి, పలక ముప్పావు వంతే తెరుచుకునే పడవలు చాలా ఉంటాయి. సైలెంట్‌గా శక్తి దొంగిలించే ఈ లోపాన్ని కనిపెట్టడానికి స్పానరు కూడా అక్కర్లేదు. ఫ్లేమ్ అరెస్టర్ జిడ్డుతో, దుమ్ముతో పూడుకుపోతే ఇంజన్‌కు గాలి అందదు. దాన్ని కడిగి మళ్లీ పెట్టాలి. అది లేకుండా పడవ నడపకూడదు. కార్బ్యురేటర్ వెనక్కి తన్నిన మంటను పెట్రోలు ఆవిరి దాకా రానివ్వకుండా ఆపేది అదే.

ఇంజన్ పెట్టెకు గాలి దారులు చాలకపోయినా ఇంజన్ తన వేడిగాలిని తానే పీలుస్తుంది. మూత తెరిచి ఫుల్ త్రాటిల్ ఇస్తే ఆర్‌పీఎం పెరిగిందా, పెట్టెకు గాలి దారులు పెద్దవి చేయాలి.

తరవాతి వంతు ఇంధనానిది. వీ-8 జెట్ బోట్లలో శక్తి తగ్గుదలకు ఇదే ఎక్కువసార్లు కారణమని నా అభిప్రాయం. నిలకడగా 4000 దగ్గర తిరిగే ఇంజన్ కారు ఇంజన్ ఎన్నడూ తాగనంత పెట్రోలు తాగుతుంది. దారిలో ఎక్కడ ఇరుకున్నా ముందు పైవేగంలోనే బయటపడుతుంది. మొదటి కొన్ని క్షణాలు బాగా లాగి, ఆ తరవాత మెల్లగా కుంగిపోవడం ఇంధన కొరతకు గుర్తు. కార్బ్యురేటర్ గిన్నెలో నిల్వ ఉన్న పెట్రోలు అయిపోయేదాకా అంతా సవ్యంగానే ఉంటుంది మరి. వెదకాల్సిన చోట్లు ఇవి: పూడిన ఫిల్టర్, ట్యాంకు గాలిరంధ్రం, ట్యాంకు నోటి దగ్గర ఇంధనం వెనక్కి కారకుండా పెట్టే చిన్న స్ప్రింగు వాల్వు, లోపలి పొర ఊడి ముడుచుకున్న రబ్బరు గొట్టం, అలసిన పంపు. ట్యాంకు మూత వదులు చేయగానే శక్తి తిరిగొస్తే గాలిరంధ్రం మూసుకుందని తెలిసిపోతుంది. వేరే చిన్న డబ్బాలో తాజా పెట్రోలు పోసి నేరుగా ఇంజన్ పంపుకు కలిపి చూస్తే లోపం ట్యాంకు వైపుందో ఇంజన్ వైపుందో ఒక్క పరుగులో విడిపోతుంది. పంపు దగ్గర ప్రెషర్ గేజి పెట్టి భారం మీద చూడాలి. కార్బ్యురేటర్ ఇంజన్లకు మామూలుగా 5 నుంచి 7 పీఎస్ఐ ఉండాలి. ఇంజెక్షన్ ఇంజన్లకు దానికి చాలా రెట్లు కావాలి, మాన్యువల్ చెప్పిన అంకెనే నమ్మాలి. ఐడిల్‌లో, అంటే భారం లేని నెమ్మది వేగంలో, సరైన ఒత్తిడి చూపి, ఫుల్ త్రాటిల్‌లో పడిపోయే పంపు చెడ్డ పంపే.

ఫిల్టర్‌లోని పెట్రోలును గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే నీరు అడుగున వేరుగా కనిపిస్తుంది. ఇప్పుడు మన దేశంలో ఇథనాల్ 20 శాతం దాకా కలిసిన పెట్రోలు అమ్ముతున్నారు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ తగ్గుతుంది. నెలల తరబడి కదలకుండా నీటి పక్కనే ఉండే పడవ ట్యాంకుకు ఇది కారు ట్యాంకుకన్నా పెద్ద సమస్య. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి లోపలి పొర వదిలేస్తాయి.

పెట్రోలు లైను విప్పేముందు, ఇంజన్ స్టార్ట్ చేసేముందు ఇంజన్ గదిలోని బ్లోయర్‌ను కనీసం నాలుగు నిమిషాలు నడపాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగు గదిలో పేరుకుంటుంది.

మిస్సింగ్, టైమింగ్, కంప్రెషన్

ప్లగ్గులన్నీ విప్పి సిలిండర్ల వరసలోనే పేర్చి చూస్తే ఇంజన్ తన కథ చెబుతుంది. లేత గోధుమ రంగు మంచి మంటకు గుర్తు. నల్లటి పొడి మసి పెట్రోలు ఎక్కువైందని, తెల్లగా కాలిపోయిన మొన పెట్రోలు తక్కువైందని, నూనె తడి రింగులో వాల్వు సీళ్లో అరిగాయని చెబుతాయి. ఒకే ఒక్క ప్లగ్గు ఆవిరితో కడిగినట్టు తళతళలాడుతుంటే ఆ సిలిండర్‌లోకి నీరు వస్తోందని అనుమానించాలి. అది హెడ్ గ్యాస్కెట్ నుంచి గానీ, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగులు నుంచి గానీ కావచ్చు. అలాంటి ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకముందే కారణం తేల్చాలి.

తక్కువ భారంలో శుభ్రంగా కొట్టే స్పార్కు, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు ప్లగ్గు మొన దాటలేక వైరు పగుల్లోంచి పక్కకు దూకుతుంది. చీకటిలో ఇంజన్ తిప్పి చూస్తే ఆ నీలి మెరుపులు కంటికి కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ మూతలో తేమ, కాయిల్ వేడెక్కి బలహీనపడటం కూడా ఇలాగే బయటపడతాయి.

స్పార్కు టైమింగును ఐడిల్‌లో మాత్రమే చూసి సరిపెట్టుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. పాత డిస్ట్రిబ్యూటర్లలో వేగంతోపాటు స్పార్కును ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు ఉంటాయి. తుప్పు పట్టి అవి కదలకపోతే ఐడిల్ టైమింగు కచ్చితంగా ఉంటుంది, పైవేగంలో మాత్రం ఇరవై డిగ్రీల దాకా వెనకబడి ఉంటుంది. స్ట్రోబ్ లైటుతో 3000 పైన కూడా చూడాలి. చాలా వీ-8లలో మొత్తం ముందడుగు 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఇవన్నీ సరిగా ఉంటే కంప్రెషన్ కొలవాలి. విడి అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది పదిహేను శాతం దాటి తేడా ఉంటే లీక్ ఎక్కడో వెదకాలి. సిలిండర్‌లోకి గాలి పంపి, కార్బ్యురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే నోట్లో వినిపిస్తే రింగులు. కంప్రెషన్ బాగున్నా ఒక సిలిండర్ నీరసంగా ఉండటానికి తరచు మరచిపోయే కారణం క్యామ్ షాఫ్టు అరుగుదల. పాత వీ-8లలోని చదును ట్యాపెట్ల కింద క్యామ్ మొన అరిగిపోతే వాల్వు సగమే తెరుచుకుంటుంది. రాకర్ మూత తీసి ప్రతి వాల్వూ ఎంత లేస్తోందో డయల్ గేజితో పోల్చితే పొట్టిది దొరికిపోతుంది.

వేడి, ఎగ్జాస్ట్

చాలా జెట్ బోట్లలో ఇంజన్‌ను చల్లబరిచే నీరు పంపు ఒత్తిడి వైపు నుంచే వస్తుంది. పంపు లోపం ఇంజన్ లోపంగా మారే చోటు ఇదే. ఇసుక చేరి ఈ సన్న గొట్టం పూడితే ఇంజన్ వేడెక్కుతుంది. ఇంజెక్షన్ ఇంజన్లలో కంప్యూటర్ వేడిని గానీ, తక్కువ ఆయిల్ ఒత్తిడిని గానీ పసిగట్టగానే ఇంజన్‌ను కాపాడటానికి ఆర్‌పీఎంకు తానే హద్దు పెడుతుంది. ఒక నిర్దిష్ట అంకె దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతే కోడ్ రీడర్ పెట్టి చూడాలి, కార్బన్ కడగడాలూ ప్లగ్గులు మార్చడాలూ తరవాత. థర్మోస్టాట్ తీసిపారేసిన ఇంజన్‌కు దీనికి ఎదురు జబ్బు వస్తుంది. అది ఎప్పటికీ వేడెక్కదు, కంప్యూటర్ చల్లటి ఇంజన్‌కు పోసినట్టే పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది.

నీటితో చల్లబరిచే ఎగ్జాస్ట్‌లలో మలుపు దగ్గర తుప్పు, ఉప్పు పేరుకుని దారి ఇరుకవుతుంది. రబ్బరు గొట్టం బయటకు నిక్షేపంలా ఉండి లోపలి పొర ఊడి తలుపులా అడ్డుపడటమూ ఉంది. పొగ బయటకు పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు.

డీజిల్ ఇంజన్లు, జెట్ స్కీలు

డీజిల్‌లో స్పార్కు గొడవ లేదు. పొగ రంగే దారి చూపుతుంది. భారం మీద నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు: ఎయిర్ ఫిల్టర్, టర్బో, టర్బో తరవాతి గొట్టాల బిగింపులు, ఇంటర్‌కూలర్ చూడాలి. పొగ లేకుండా శక్తి మాత్రమే తగ్గితే డీజిల్ చాలడం లేదు. ఫిల్టర్ పూడటం, లైనులో ఎయిర్ పట్టడం, లివర్ పూర్తిగా తెరవకపోవడం ఇందులోకి వస్తాయి. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కాలని డీజిల్ గానీ, నీరు గానీ అనుమానించాలి.

జెట్ స్కీల్లో పంపు చిన్నది, ఇంజన్ వేగం ఎక్కువ. పాత రొటాక్స్ టూ-స్ట్రోక్ ఇంజన్లలో ఎగ్జాస్ట్ దారిని వేగాన్ని బట్టి మార్చే వాల్వులు మసి పట్టి మూసిన చోటే ఉండిపోతే బండి మధ్యవేగం దాటదు. విప్పి శుభ్రం చేస్తే చాలు. సూపర్‌చార్జర్ ఉన్న ఫోర్-స్ట్రోక్ మోడళ్లలో గాలి గొట్టం ఊడటం, సూపర్‌చార్జర్ క్లచ్ జారడం చూడాలి. సముద్రంలో అద్దెకు తిరిగే బండ్లకు ఇసుక ఒడ్డునే స్టార్ట్ చేయడం పెద్ద శత్రువు. నడుములోతు నీటిలోకి తోసుకెళ్లి స్టార్ట్ చేస్తే వేర్ రింగు ఎక్కువ కాలం నిలుస్తుంది. రోజు చివర మంచినీటితో ఇంజన్ కడగడం మానితే ఉప్పు చల్లబరిచే దారుల్లోనే పేరుకుంటుంది.

లోపం కానివి

గాలి పలచబడితే ఏ పెట్రోలు ఇంజనైనా నీరసిస్తుంది. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సుమారు 14 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ శక్తి ఇంచుమించు అంతే తగ్గుతుంది. 15 డిగ్రీల చలిలో ఉన్న గాలి కన్నా 40 డిగ్రీల ఎండలో ఉన్న గాలి దాదాపు 8 శాతం పలచన. చలికాలం ఉదయం చూసిన ఆర్‌పీఎం మే నెల మధ్యాహ్నం రాలేదని ఇంజన్ విప్పడం తగదు. ఇంజన్ మారలేదు, వాతావరణం మారింది. పోల్చేటప్పుడు ఉష్ణోగ్రతనూ ఎత్తునూ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

జెట్ బోటు ఉన్నవారికి ఒక విన్నపం. పడవ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫుల్ త్రాటిల్ ఆర్‌పీఎం, రెండు దిశల వేగం, ఎక్కిన మనుషుల సంఖ్య, ఆ రోజు ఉష్ణోగ్రత, వేర్ రింగు ఖాళీ ఒక పుస్తకంలో రాసి పడవలోనే ఉంచండి. సీజను మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మళ్లీ కొలిచి దాని కిందే రాయండి. మెకానిక్‌కు ముందు ఆ పుస్తకం చూపించండి, తరవాతే ఇంజన్ మూత తెరవనివ్వండి.